నవంబరుతో ముగిసే ఒప్పందాలు

టెక్కలిలో ఒక ప్రభుత్వ కార్యాలయంలో సర్వీసు రిజిస్టర్లన్నీ నరహరి చేతి కిందే ఉంటాయి. ఎవరు ఏ తారీఖున చేరారో, ఎవరి కాంట్రాక్టు ఏ నెలాఖరుకి ముగుస్తుందో, ఎవరు ఎప్పుడు రిటైరవుతారో వాళ్ళకంటే ముందు ఆయనకే తెలుస్తుంది. ఇరవై రెండేళ్ళుగా అదే పని. తారీఖులు చూసి మనిషి సంగతి చెప్పేస్తాడని తోటివాళ్ళు నవ్వేవారు.

ఆయనకున్న ఒకే ఒక్క వ్యసనం ఫోనులో ఆడే హాకీ ఆట. అందులో కర్ర పట్టి బంతి కొట్టే పని ఉండదు. మనం ఒక జట్టుకి మేనేజరుగా ఉంటాం. ఆటగాళ్ళంతా కంప్యూటరు పుట్టించినవాళ్ళే. పద్దెనిమిదేళ్ళ కుర్రాళ్ళని ఏరుకోవాలి, ఒప్పందం రాయాలి, ఎదిగేదాకా ఓపిక పట్టాలి. ఒప్పందం ఏడాదికైనా రాయొచ్చు, ఎనిమిదేళ్ళకైనా రాయొచ్చు. చిన్నదైతే కుర్రాడు అక్కరకొచ్చే వేళకి చేజారిపోతాడు. పెద్దదైతే, వాడు ఎందుకూ కొరగాకపోయినా అన్నేళ్ళూ మొయ్యాలి. నరహరి వాళ్ళ లీగులో పన్నెండు మంది మేనేజర్లు. ఆటలో ఒక ఏడాది గడవడానికి బయట ఒక నెల పడుతుంది. కుర్రాళ్ళ ఒప్పందాలు సరిచూసి ఖాయం చేసే పెద్దరికం నరహరిది.

ఆ పన్నెండు మందిలో కూర్మారావు ఒకడు. బారువ దగ్గర పల్లెలో కొబ్బరి, జీడి తోటలున్న రైతు. ఇద్దరూ ఎన్నడూ కలుసుకోలేదు. మూడేళ్ళుగా ఫోనులో మాట్లాడుకోవడమే. పంతొమ్మిదేళ్ళకి తేలని కుర్రాణ్ణి నరహరి నిర్దాక్షిణ్యంగా తీసేసేవాడు. కూర్మారావు ఒక్కణ్ణీ వదిలేవాడు కాదు. ఎవడు దొరికినా ఎనిమిదేళ్ళకి రాసేసేవాడు.

"జీడిమొక్క ఏసిన ఏడే కాపుకొస్తాదేటి పంతులుగారూ? ఈ కుర్రగుంటల్ని కూడా అలాగే సూడాలి," అనేవాడు.

అక్టోబరు మొదటి వారంలో, మధ్యాహ్నం భోజనాల వేళ, కూర్మారావు దగ్గర్నుంచి ఒక ప్రతిపాదన వచ్చింది. తన జట్టులో కుర్రాళ్ళు ఐదుగురు. ఐదుగురినీ నరహరి జట్టుకి ఇచ్చేస్తానన్నాడు. బదులు ఏమీ అడగలేదు.

నరహరి ముద్ద కలుపుతూ ఆగిపోయాడు. వాళ్ళలో ఒక గోల్‌కీపరు ఉన్నాడు. వాడి కోసం లీగులో సగం మంది కాచుకుని కూర్చున్నారు. ఫోను చేస్తే కూర్మారావు ఎత్తలేదు. సాయంత్రానికి రెండు ముక్కల జవాబు వచ్చింది. "మీకాడ ఉంటే పదిలంగా ఉంటారు."

మర్నాడు నరహరి ఆ జట్టు ఒప్పందాలన్నీ వరసగా తీసి చూశాడు. అలవాటు కొద్దీ ఒక తెల్లకాగితం మీద గళ్ళు గీసుకుని రాసుకున్నాడు. మార్చిలో రాసినవి ఎనిమిదేళ్ళకి. మేలో రాసినవి ఆరేళ్ళకి. జూలైలో నాలుగు, సెప్టెంబరులో రెండు. కూర్మారావు ఓపిక తగ్గిపోతోంది కాబోలు అనుకున్నాడు మొదట. తరవాత నాలుగో గడిలో ముగిసే నెల రాయబోయి, పై గడి చూశాడు. దాని పై గడి చూశాడు. ఆట లెక్క తీసేసి క్యాలెండరు లెక్కలో చూస్తే, ఎప్పుడు రాసినవైనా సరే, అన్నీ నవంబరులోనే ముగుస్తున్నాయి. నవంబరు దాటి ఒక్క ఒప్పందం లేదు.

ఇలాంటి గడులు ఆయన రిజిస్టర్లలో బోలెడు చూశాడు. ఒకే నెలలో అన్నీ ఆగిపోయాయంటే ఆ మనిషి ఉద్యోగం అక్కడితో సరి అని అర్థం. కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు గానీ ఆ రోజంతా ఏ ఫైలూ ముందుకి కదల్లేదు.

ఆదివారం పొద్దున్నే బయల్దేరాడు. సోంపేట దాకా బస్సు, అక్కణ్ణించి ఆటో. దారి పొడుగునా కొబ్బరి తోటలు. ఒక ఊళ్ళో మూడు ఇళ్ళ ముందు షామియానా కర్రలు ఇంకా పాతే ఉన్నాయి. ఆటో అతన్ని అడిగాడు, పెళ్ళిళ్ళా అని.

"పెళ్ళిళ్ళేటి బాబూ ఈ నెల్లో," అన్నాడు అతను, రోడ్డు మీంచి చూపు తిప్పకుండా.

కూర్మారావు ఇల్లు తోటని ఆనుకుని ఉంది. అరుగు మీద అతని భార్య పైడమ్మ జీడిపిక్కలు ఆరబోస్తోంది. నరహరి పేరు చెప్పగానే ఆమె చెయ్యి కడుక్కుని లేచింది.

"హాకీ పంతులుగారా? మీ మాటే సెప్తాడు ఎప్పుడూ. రండి, రండి. తోటలో తొంగున్నాడు. కడుపులో గేసు అంట. మార్చి నుంచీ అదే రంధి. కొబ్బరి బొండం కూడా ముట్టడు, ఇంత తోట ఎట్టుకుని."

ఆ ఉద్దానం ప్రాంతంలో పుట్టి పెరిగినవాళ్ళకి ఆ మాట అర్థం కావడానికి ఒక్క క్షణం చాలు. కొబ్బరి నీళ్ళు తాగొద్దని డాక్టర్లు చెప్పేది కిడ్నీలు పాడైనవాళ్ళకే అని నరహరికి తెలుసు. ఆయన తండ్రి ఇక్కడికి పది కిలోమీటర్ల దూరంలోనే పౌరోహిత్యం చేశారు. జబ్బుకి మూలమని అందరూ అనుమానించే అక్కడి బావి నీళ్ళే ఇంటర్ పూర్తయ్యేదాకా ఆయనా తాగాడు.

కూర్మారావు మంచం మీద పడుకుని ఉన్నాడు. యాభై ఏళ్ళు ఉంటాయేమో. మొహం ఉబ్బి ఉంది, కాళ్ళు ఇంకా ఎక్కువ. నరహరిని చూసి లేవబోయాడు.

"ఇంత దూరం ఏల ఒచ్చినారు పంతులుగారూ? ఫోను సేత్తే సరిపోను."

"మీరు ఎత్తలేదు కదండీ." నరహరి మంచం అంచున కూర్చుని కాగితం తీశాడు. "ఇదేటి కూర్మారావు గారూ? అన్నీ నవంబరుకే రాశారు?"

కూర్మారావు ఆ గళ్ళు చాలాసేపు చూశాడు. అతని పెదవి వంకర పోయింది. నవ్వబోయాడో మరేదో నరహరికి తెలియలేదు.

"మీ కంట పడతాదని అనుకోనేదు. మా అన్నకి రక్తపరీచ్చలో ఆరు పాయింట్లు ఒచ్చిన కాణ్ణుంచి ఎనిమిది నెల్లే ఉన్నాడు. నాకు మార్చిలో ఆరొచ్చినాయి. సూసుకోండి మీరే."

"డయాలసిస్‌కి వెళ్ళకుండా ఇంట్లో కూర్చుంటారేటండీ?"

"మా అన్న ఎల్లినాడు. మూడోసారికి శవమై వొచ్చినాడు. మా ఈదిలో ఎవులు ఎల్లినా అంతే. నానెల్లను. ఇంట్లో సెప్పనేదు, సెప్పను. మీరూ సెప్పకండి. ఆ గుంటల్ని మాత్రం పట్టుకెల్లండి. నాను పోయినాక జట్టు కంప్యూటరు చేతికి పోతాది. అది అందర్నీ తీసి పారేత్తాది."

జవాబు చెప్పడానికి నరహరి తలెత్తేసరికి, కూర్మారావు వెనక, కొబ్బరి చెట్టు పక్కన పైడమ్మ నిలబడి ఉంది. చేతిలో మజ్జిగ గ్లాసు. ఎంతసేపటి నుంచి ఉందో ఎవరూ చూడలేదు.

ఆమె ఏడవలేదు. గ్లాసు నేల మీద జాగ్రత్తగా పెట్టింది.

"ఇప్పుడెన్ని పాయింట్లు?" అంది.

కూర్మారావు ఉబ్బిన కాళ్ళు మంచం లోపలికి లాక్కున్నాడు.

"మీ అన్న ఆరుకి ఎల్లలేదు. పదమూడైనాక ఎల్లినాడు. ఆలీసంగా ఎల్లి పోయినాడు. మీ ఒదిన నాతో సెప్పుకుని ఏడిసింది. నీకెవులూ సెప్పనేదా?" ఇంట్లోకి వెళ్ళి సంచిలో రెండు చీరలు, ఒక దుప్పటి కుక్కుకుని వచ్చింది. నరహరి వచ్చిన ఆటో ఇంకా వీధిలోనే ఉంది. "లెగు," అంది మొగుడితో. రెండోసారి అనలేదు.

సోంపేట ఆసుపత్రిలో రక్తం తీశారు. క్రియాటినిన్ పదకొండు పాయింట్ల పైన ఉంది. ఇంకో వారం ఆగి ఉంటే తీసుకొచ్చినా లాభం లేకపోయేదని డాక్టరు పైడమ్మకి చెప్పాడు. మెడ దగ్గర గొట్టం వేసి ఆ సాయంత్రమే మిషను మీదికి ఎక్కించారు. లోపలికి తీసుకెళ్తుంటే కూర్మారావు నరహరి వైపు చూశాడు.

"మా ఇంటిదాని ముందు నా గుట్టు తీసీసినారు పంతులుగారూ," అన్నాడు. ఆ గొంతులో కోపం తప్ప ఇంకేమీ లేదు.

బయట బల్ల మీద కూర్చున్నవాళ్ళని ఒక నర్సు వరసగా ఊరి పేర్లు అడుగుతోంది. నరహరి టెక్కలి అన్నాడు. పుట్టి పెరిగింది ఎక్కడ అని అడిగింది. చెప్పాడు. ఆమె ఇంకేమీ అడగలేదు, చొక్కా చెయ్యి పైకి మడవమంది.

బుధవారం ఆఫీసులో ఉండగా ఆయన రక్తపరీక్ష ఫలితం ఫోనుకే వచ్చింది. రెండు పాయింటు నాలుగు. ఒకటిన్నర దాటకూడనిది.

ఆ సంఖ్యని ఆయన పదిసార్లు చూశాడు. ఇంటికెళ్ళి భార్య జగదాంబకి చెబుదామనుకున్నాడు. ఆవిడ వంటింట్లో తిరగమోత వేస్తోంది. కూతురు సహస్ర పదో తరగతి లెక్కలు చేసుకుంటోంది. చెప్పలేదు. మర్నాడూ చెప్పలేదు. ఎవరైనా అడిగితే కదా చెప్పడం అనుకున్నాడు. కూర్మారావుని ఎదురుగా కూర్చోబెట్టుకుని ఏటండీ ఇది అని నిలదీసినవాడు, తొమ్మిది రోజులు ఫోను బోర్లా పెట్టి తిరిగాడు.

నవంబరు వచ్చింది, పోయింది. కూర్మారావు బతికే ఉన్నాడు. వారానికి మూడుసార్లు సోంపేట వెళ్తున్నాడు. నాలుగేసి గంటలు మిషను పక్కన పడుకుంటున్నాడు. అతని పక్క మంచం మీది మనిషి ఆ నెలలో రెండుసార్లు మారాడు. మూడు వారాలు నరహరితో మాట్లాడలేదు. తరవాత మాట్లాడాడు, గోల్‌కీపరు సంగతి. వాణ్ణి ఇవ్వనన్నాడు. మూడేళ్ళకి రాస్తానన్నాడు. ఎనిమిదేళ్ళ ఊసు మాత్రం ఎత్తలేదు.

నరహరి తన సంగతి జగదాంబకి చెప్పింది అక్టోబరులోనే, ఫలితం వచ్చిన పదో రోజున. ఇద్దరూ వీధి గుమ్మంలో కూర్చుని చిక్కుళ్ళు ఒలుస్తుండగా ఫోను ఆవిడ చేతికిచ్చాడు. మందులు వాడితే ఏళ్ళ తరబడి అక్కడే ఆగిపోవచ్చు, ఆగకపోనూ వచ్చు అని డాక్టర్లు అన్నారని చెప్పాడు. జగదాంబ చదివింది. చిక్కుడు తొక్క అలాగే పట్టుకుని లోపలి గది వైపు చూసింది.

"ఏవండీ, సహస్రకి కూడా చేయించాలా?" అంది చాలా మెల్లగా. "ఎనిమిదో తరగతి దాకా ప్రతి వేసవికీ మీ నాన్నగారి దగ్గరే ఉంది కదా."

నరహరికి ఆ మాట అప్పటిదాకా తట్టలేదు. తట్టనిచ్చుకోలేదేమో కూడా.

శనివారం ముగ్గురూ ఆసుపత్రికి వెళ్ళారు. స్కూలు వాళ్ళు అడిగిన ఏదో రక్తపరీక్షకని సహస్రకి చెప్పారు. ఆ పిల్ల నమ్మినట్టే చెయ్యి చాపి, మొహం గోడ వైపు తిప్పుకుంది. రెండు గంటలు బల్ల మీద కూర్చున్నారు. ఆ తరవాత డాక్టరు లోపలికి పిలిచి కాగితం చూశాడు.

"ఇప్పటికైతే ఏమీ లేదు," అన్నాడు. "ఏటా ఒకసారి తీసుకొస్తూ ఉండండి."