దొర బయలు పక్కన మా ఇల్లు

నాకు ఓర్వలేనితనం ఎక్కువ. ఈ మాట మా ఆవిడ అంటే ఒప్పుకోను గానీ, నా అంతట నేను చెప్పుకోవడానికి అభ్యంతరం లేదు. పక్కింటివాడి ఎనుము ఒక లీటరు పాలు ఎక్కువిస్తే ఆ పూట నాకు టీ చేదుగా ఉంటుంది. అయితే ఇన్నేళ్లూ నేను కుళ్లుకున్నది మా వీధివాళ్ల మీదా, చుట్టాల మీదానే. ఎక్కడో ఇటలీలో పుట్టినవాడు బేతంచెర్ల దాకా వచ్చి నాలో కుళ్లు పుట్టిస్తాడని ఏ జాతకంలోనూ రాసి ఉండదు.

నాది బండల పాలిషు పని. ఆరో తరగతిలో నాకూ లెక్కల అయ్యవారికీ కుదరలేదు, ఆయన బడిలోనే ఉండిపోయాడు, నేను బయటికొచ్చాను. కొన్నేళ్లు బండల లారీకి క్లీనరుగా పోయి బొంబాయి దాకా ఊళ్లన్నీ తిరిగాను. హిందీ బాగా వచ్చింది. ఇంగ్లీషు ముక్కలు ముక్కలుగా వచ్చింది. మా ఇంటి నేల కూడా ముక్కలదే గనక నాకది లోటనిపించలేదు.

మా ఓనరు ఇటలీ నుంచి పెద్ద పాలిషు మిషను తెప్పించాడు. దాన్ని బిగించి, మాకు నేర్పించి పోవడానికి ఒక మనిషి వచ్చాడు. రెండు నెలల్లో పోవలసినవాడు, ఒకసారి సామాను రాక, ఒకసారి కరెంటు పడక, దాదాపు ఏడాది ఉండిపోయాడు. మా వీధి చివర మిద్దె మీద గది తీసుకున్నాడు. పేరు ఎవరికీ నోరు తిరక్క అందరూ దొర అన్నారు. ఆఫీసులో లెక్కలు రాసే పిల్లగాడు ఇంగ్లీషులో డిగ్రీ చదివినవాడే గానీ దొర మాట్లాడితే వాడికి అర్థమయ్యేది కాదు. దొర ఇంగ్లీషులో చిల్లులు, నా ఇంగ్లీషులో చిల్లులు. చిల్లుకు చిల్లు సరిపోయి, మధ్యలో చేతులు తిప్పుకుంటూ మేమిద్దరం బ్రహ్మాండంగా మాట్లాడుకునేవాళ్లం. అట్లా నేను దొరకు నోరునయ్యాను.

సాయంత్రం షిఫ్టు దిగగానే రైలు గేటు దగ్గర టీ అంగడి బెంచీ మీద కూర్చునేవాళ్లం. వచ్చినవాడల్లా ఒకటే అడిగేవాడు. "దొరా, మా ఊరు ఎట్లుండాది?"

నాకు యాభై దాటాయి. పుట్టింది ఈ ఊళ్లోనే. నన్ను ఈ ప్రశ్న ఒక్కడంటే ఒక్కడు అడిగిన పాపాన పోలేదు. దొర వచ్చి పదిరోజులైంది, ఊరు గురించి చెప్పడానికి అప్పుడే పెద్దమనిషైపోయాడు.

చెప్పేవాడు కూడా. మీ ఊళ్లో మనుషులకంటే లారీలే ఎక్కువ మాట్లాడతాయి అన్నాడు. నా పేరు అడగకముందే జీతం అడుగుతారు అన్నాడు. పొద్దున్నే ఉగ్గానితో పాటు ఆ మిరపకాయ బజ్జీ పెడతారు చూడండి, అది తిండి కాదు ఆయుధం అని, నాలుగు తిన్నాడు. పొద్దంతా ఊరందరికీ అద్దంలాంటి నేలలు చేసే మీరు మీ ఇళ్లలో పగిలిన ముక్కలు పరుచుకుంటారెందుకు అని అడిగాడు. దానికి మాత్రం తర్జుమా చేసి ఊరుకోకుండా నేనే జవాబిచ్చాను. ఓనరు ఇంట్లో అతుకు కనపడని బండలు, మా ఇంట్లో బండ కనపడని అతుకులు, లెక్క సరిపోయింది అన్నాను. అందరూ నవ్వారు. దొర మాత్రం నవ్వకుండా ఆ నేల చూడాలన్నాడు.

వచ్చి, మా పడసాలలో బోర్లా పడుకుని ఫోటోలు తీసుకున్నాడు. ఆ నేల నేను నా చేతులతో పరిచింది. పచ్చ, నలుపు, బూడిదరంగు, ఏ ముక్క దొరికితే ఆ ముక్క. కాలికి తట్టుకుంటోందని మా ఆవిడ ముప్పై ఏళ్లు తిట్టింది. దొర దాన్ని చూసి మా దేశంలో ఇట్లాంటి పనికి మనుషులను వెతుక్కుంటారు అన్నాడని నేను చెప్పిన మరుసటి రోజు నుంచి ఆమె పూటకోసారి తడిగుడ్డతో తుడిచేది. నన్ను కాళ్లు కడుక్కోకుండా లోపలికి రానిచ్చేది కాదు, నేను పరిచిన నేల మీదికి.

కుళ్లు అక్కడ మొలకెత్తింది. నీళ్లు పోసింది రైలు గేటు.

గేటు పడితే ఇటువైపువాళ్లు రోడ్డు వెడల్పంతా నిండిపోతారు, అటువైపువాళ్లూ అంతే. గేటు లేచిన తర్వాత రెండు మందలూ ఎదురెదురుగా పొట్టేళ్ల మాదిరి నిలబడతాయి. ఎడమ పక్కన ఉంటే ఇద్దరూ పోవచ్చు గదప్పా అని ఆ బెంచీ మీదనే నేను పదేళ్లుగా చెప్తున్నాను. నవ్వి ఊరుకున్నారు. ఒక సాయంత్రం దొర అదే మాటన్నాడు, నేను తెలుగులో చెప్పాను. మరుసటి రోజు ఇద్దరు కుర్రాళ్లు ఈలలు పట్టుకుని గేటు దగ్గర నిలబడి బండ్లను ఎడమకు తోస్తున్నారు. ఏమప్పా ఇది అంటే, దొర చెప్పినాడు గదన్నా అన్నారు. వాళ్లు విన్నది నా గొంతే. అయినా నేను కనపడలేదు.

ఇక అసలు సంగతి మడ్డి గురించి. బండలు పాలిషు పట్టేటప్పుడు నీళ్లతో కలిసి దిగే తెల్ల బురదను మేం మడ్డి అంటాం. మా ఫ్యాక్టరీ మడ్డినంతా ట్రాక్టర్లతో తెచ్చి మా వీధి వెనకాల వంక గట్టు మీద పోసేవాళ్లు. ఏళ్ల తరబడి పోసి పోసి అది మా మిద్దె ఎత్తు కొండైంది. ఎండాకాలం గాలి లేస్తే ఆ పొడి అన్నంలో, ఆరేసిన బట్టల్లో, ముక్కుల్లో. మా ఆవిడది బద్వేలు పక్కన పల్లె. పెళ్లై వచ్చేటప్పటికి పొలం గట్ల మీద పరుగెత్తే మనిషి. పదేళ్లుగా వేసవి వస్తే పిల్లికూతలు, ఆయాసం. పడుకుంటే ఊపిరాడదు, గోడకు ఆనుకుని కూర్చునే నిద్ర.

ఓనరుకు చెప్పకపోలేదు. కానీ నాకు వచ్చింది ఒకటే పద్ధతి. సార్, మీ పుణ్యాన మా వీధిలో ఎవరూ పౌడరు డబ్బా కొనడం లేదు అన్నాను. ఆయన కడుపు పట్టుకుని నవ్వి, నలుగురిని పిలిచి మళ్లీ చెప్పించాడు. ఊరిని నవ్వించేవాడు ఏడ్చినా కొత్త వేషమనుకుంటారు. ఇంటికొచ్చి మా ఆవిడతో మాత్రం నవ్వకుండా అనేవాణ్ని, వాళ్లిల్లు ఊడ్చి మన గుమ్మంలో కసువు పోస్తాండారు అని.

ఒక మధ్యాహ్నం ఓనరు రెండో మిషనుకు చోటు చూపించడానికి దొరను, నన్ను ఫ్యాక్టరీ వెనక్కి తీసుకుపోయాడు. రోజూ తన మిద్దె మీద నుంచి చూసే మడ్డికొండే అయినా, అంత దగ్గరగా ఎండకు తెల్లగా మెరుస్తుంటే దొర నిలబడిపోయాడు. చెయ్యి గుండె మీద పెట్టుకున్నాడు. సగం ఇంగ్లీషు, సగం వాళ్ల భాషలో నాతో చెప్పుకుంటూ పోయాడు. చలికాలంలో వాళ్ల ఊరి కొండ అచ్చం ఇట్లానే తెల్లగా ఉంటుందట. వాళ్లమ్మ ఇంటి పైకప్పు మీద మంచు ఇట్లానే కూర్చుంటుందట. ఎంత అందంగా ఉంది, ఎంత అందంగా ఉంది అని కళ్లు తుడుచుకున్నాడు.

ఓనరుకు ఒక్క ముక్క అర్థం కాలేదు, కన్నీళ్లు తప్ప. కంగారుపడి నన్నడిగాడు. "ఏమంటాండాడప్పా? మొగం అట్ల పెట్టినాడేమి?"

నేను మంచు గురించే చెప్పాలనుకున్నాను. ఒట్టు. కానీ నా మాటలు ఆ మనిషి ముఖంతో పోతే పనవుతాయని రైలు గేటు దగ్గర చూసి ఉన్నాను. మా ఆవిడ గోడకు ఆనుకున్న వీపు గుర్తొచ్చింది.

"ఇంట్లో ఊడ్చిన కసువు పక్కోడి గుమ్మంలో పోసేవాళ్లను మా దేశంలో మనుషులనరు అంటాండాడు సార్. ఈ దుమ్ము పోయి పోయి రొమ్ములో బండ కడతాదంట. మీరు శానా మంచోళ్లు, మీకు తెలిసింటే ఇట్ల చెయ్యరు అని ఏడుస్తాండాడు."

చివరి ముక్క బోనస్‌గా వేశాను. ఓనరు ముఖం ఆ మడ్డి రంగులోకి తిరిగింది. దొర నా వైపు చూసి, తన మంచు సంగతి నేను చక్కగా చెప్పాననుకుని, అవునవునని తలూపాడు. ఆ తలూపు కలెక్టరు సంతకంతో సమానం.

పదిరోజుల్లో ట్రాక్టర్లు వచ్చి కొండనంతా ఎత్తి, ఊరికి దూరంగా ఎవరూ లేని పాత క్వారీ గుంతలో పోశాయి. ఆ వేసవిలో గాలి లేచింది, పొడి లేవలేదు. మా ఆవిడ చాప మీద వెల్లకిలా పడుకుని నిద్రపోయింది. ఆ సంతోషం నాకు సరిగ్గా వారం రోజులు ఉంది.

వారం తర్వాత వీధి వీధంతా దొర పుణ్యం, దొర పుణ్యం. అంతవరకూ సర్దుకున్నాను. కానీ మా ఆవిడ జొన్నరొట్టెలు కాల్చి, శనక్కాయల ఊరిబిండి నూరి, గిన్నె నా చేతికిచ్చి దొరకు ఇచ్చి రమ్మంది. ఒకరోజు కాదు, వారానికి రెండుసార్లు. ఆ ఏడు మామిడికాయ ఊరగాయ మొదటి జాడీ దొరకు పోయింది. అడుగున మిగిలిన కారం నాకు. నా మాటకు వచ్చిన బహుమానాన్ని నేనే మోసుకుని మిద్దె మెట్లెక్కి ఇంకొకడికి ఇచ్చి రావడం ఎట్లుంటుందో అనుభవించినవాడికే తెలుస్తుంది.

మీ ఆవిడ నాకెందుకు ఇన్ని పంపుతుంది అని దొర అడిగితే, మా దేశ ఆచారం అన్నాను. ఇంకొన్నాళ్లకు, ఆ తెల్లకొండను ఎవరు తీసేశారు, నేను రోజూ మిద్దె మీద నుంచి చూసుకునేవాణ్ని అని దిగులుగా అడిగాడు. నాకు కడుపు మండింది. నువ్వే తీయించావయ్యా అని మొదటి నుంచి చివరి దాకా చెప్పేశాను. తిడతాడనుకున్నాను. రొట్టె తుంచి పట్టుకుని, మీ ఆవిడకు ఇప్పుడు ఎట్లుంది అని మాత్రం అడిగాడు. అది కూడా నాకు నచ్చలేదు. కుళ్లుకోవలసిన మనిషి మంచివాడైతే ఆ కష్టం రెండింతలు.

పోయే రోజు వచ్చింది. ఫ్యాక్టరీ ఆవరణలో షామియానా, మైకు, పూలదండ, జరీ శాలువా. మా ఊరి గాలి గురించి మాకు పట్టకపోయినా ఎక్కడో పుట్టిన మనిషికి పట్టిందని ఓనరు మైకు వదలకుండా మాట్లాడాడు. మా ఆవిడ ముందు వరసలో కూర్చుని చప్పట్లు కొడుతోంది. ఆ శాలువా దొర భుజం మీద పడుతుంటే నా భుజం దురద పెట్టింది.

దొర మైకు తీసుకున్నాడు. ఏడాదిలో తెలుగు కొంచెం పట్టుకున్నాడు. పట్టించింది నేనే, దాంట్లో సగం కొంటెతనమే. ఓనరు బామ్మర్ది బొజ్జతో ఫ్యాక్టరీకి వచ్చినప్పుడు, ఎన్నో నెల మామా అని దొర చేత అడిగించిన ఘనత నాది. ఊరందరికీ అది తెలుసు.

దొర నన్ను వేలితో చూపించి, ఒక్కొక్క మాటే పేర్చుకుంటూ అన్నాడు. "ఆ మాట నేను అనల్యా. ఈయప్ప అన్యాడు. నాకు ఆ తెల్లకొండ శానా బాగుండె."

ఇప్పుడు అందరి తలలూ నా వైపు తిరుగుతాయని నేను చొక్కా సవరించుకున్నాను. తర్వాత షామియానా ఎగిరిపోయేలా నవ్వులు. ఓనరు కళ్లు తుడుచుకుంటూ నా వీపు మీద చరిచాడు. "పోయేటప్పుడు ఇది గూడా నేర్పిచ్చి పంపిస్తాండావా నాయనా" అన్నాడు. దొర బిత్తరపోయి నన్ను చూశాడు. నేను మా ఆవిడను చూశాను. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఆమె కూడా నవ్వుతోంది.

ఇంటికొచ్చి అన్నం వద్దన్నాను. దొర చెప్పింది నిజమే, అది నా మాటే, నమ్మితే నమ్ము లేకుంటే లేదు అన్నాను.

ఆమె కంచం నా ముందుకు జరిపింది. "నమ్మనని ఎవురన్యారు? కసువు మాట దొర అన్యాడని వీధిలో చెప్పుకున్న రోజే అది నీదేనని తెలుసు. ఎన్నేండ్లుగా ఇంటాండా దాన్ని."

"మరి ఆ రొట్టెలు, ఊరగాయ?"

"నీ మాటకు ఆయప్ప మొగం ఇచ్చినాడు గదా. నీ మొగంతోనే పోయింటే ఇంగా మడ్డిలోనే ఉందుము."

"ఆడ ఎందుకు నవ్వినావు? లేచి అందరికీ చెప్పి ఉండచ్చు గదా."

"చెప్తే రేపే ట్రాక్టర్లు తిరుక్కోని వస్తాయి. ఓనరు భయపడింది దొరకు, నీకు గాదు. నీకు శాలువా కావల్నా, నాకు ఊపిరి కావల్నా?"

దీనికి వెంటనే జవాబు చెప్పి ఉంటే ఈ జ్ఞాపకం నాకు గర్వంగా ఉండేది. కంచంలో అన్నం చల్లారిన తర్వాత చెప్పాను, నీకు ఊపిరే అని. ఆ తర్వాత చాలాకాలం టీ అంగడిలో ఎవరైనా దొర పుణ్యం అంటే, అవునప్పా, మహానుభావుడు అని తలూపుతూ వచ్చాను. ప్రతి తలూపుకూ పళ్లు అరిగాయి.

ఇప్పుడు భయం లేదు. ఇటుకలు పోసేవాళ్లు మా ఫ్యాక్టరీ మడ్డినంతా వాళ్లే ఎత్తుకుపోతున్నారు, పొయ్యమన్నా ఎవరూ మా వీధిలో పోయరు. అందుకే ఈమధ్య బెంచీ మీద ఉన్నదున్నట్టు చెప్పేశాను. అందరూ పడీపడీ నవ్వి, ఇంకో టీ ఇప్పించి మళ్లీ చెప్పమన్నారు.

మడ్డికొండ పోయిన చోట వంక గట్టు చదునుగా మిగిలింది. పిల్లలు క్రికెట్ ఆడతారు, పెళ్లిళ్లకు పందిళ్లు వేస్తారు. దానికి ఒక పేరు కూడా పడింది. పోయినవారం సామాను తెచ్చే కుర్రాడు ఫోన్ చేసి ఇల్లు యాడన్నా అని అడిగాడు. వంక పక్కన అన్నాను. ఏ వంక అన్నాడు. పాలిషు ఫ్యాక్టరీ వెనకాల అన్నాను. ఊరంతా ఫ్యాక్టరీలే గదన్నా అన్నాడు. గుమ్మంలో రంగురంగుల బండముక్కలు పరిచి ఉంటాయి, అవి నేను పరిచినవే అని కూడా చెప్పి చూశాను. లోపల నుంచి మా ఆవిడ, ఆ పేరు చెప్తే నోరు అరుగుతాదా అని గదమాయించింది.

దొర బయలు పక్కన అన్నాను.

"అట్ల చెప్పన్నా ముందే" అన్నాడు వాడు. రెండు నిమిషాల్లో వచ్చేశాడు.