తలుపు దగ్గర మనిషి

మా ఫ్యాక్టరీలో ఆయన్ని అందరూ వద్దు సారు అనేవాళ్లు. సేఫ్టీ ఉద్యోగం. నోరు తెరిస్తే వద్దు. అక్కడ నిలబడొద్దు, అది ముట్టుకోవద్దు, ఆ తలుపుకి అడ్డంగా పెట్టెలు పెట్టొద్దు. మాది చేపలు గడ్డకట్టించే ఫ్యాక్టరీ. నేను ప్యాకింగ్‌లో చేస్తాను. మా హాలుకీ కంప్రెసర్ గదికీ మధ్య ఒక్క గోడే అడ్డం. అవతలంతా అమోనియా గొట్టాలు. ఇవతల యాభై మంది ఆడవాళ్లం ఊపిరి పీలుస్తున్నామని గుర్తున్నది ఆయనొక్కరికే. ఆయన క్లాసు పెడితే నేను మాత్రం వెనక వరసలో హాయిగా కునుకు తీసేదాన్ని.

కంప్రెసర్లో పోసే ఆయిల్ అమోనియాతో పాటు కొట్టుకొచ్చి ట్యాంకు అడుగున చేరుతుంది. దాన్ని అప్పుడప్పుడూ తీసెయ్యాలి. ఆ వాల్వుకి స్ప్రింగు పిడి ఉంటుంది. పట్టుకున్నంతసేపే తెరిచి ఉంటుంది, వదిలితే మూసుకుపోతుంది. ఆయిల్ అయిపోగానే వెనకాలే తన్నుకొచ్చేది అమోనియా మరి! కానీ పట్టుకుని నిలబడితే చెయ్యి లాగేస్తుంది. అందుకని ఆపరేటర్లు పిడిని తీగతో కట్టేసి టీకి పోయేవాళ్లు. సారు ఆ తీగలు కత్తిరించి జేబులో వేసుకుని, తిట్టుకుంటూ తిరిగేవారు.

ఒకరోజు దొరికిన తీగ సొంత అల్లుడు కట్టింది. తను చెప్పి ఉద్యోగం వేయించిన అల్లుడే. ఆయన వెనకాముందూ చూడలేదు, పనిలోంచి ఆపించేశారు. కూతురు గేటు దగ్గరికొచ్చి, మేమంతా చూస్తుండగానే అడిగేసింది.

"సొంత అల్లుడి పొట్ట కొట్టి ఏం బావుకుంటావు నాన్నా?"

"నన్నెంతైనా తిట్టమ్మా, పడతాను. అతను బతికుంటే చాలు."

ఆ పిల్ల మళ్లీ తండ్రి గడప తొక్కలేదు.

పాత ఆపరేటర్లు అప్పటికే మానేసి పోయారు. ఇక ఆయిల్ తీసే మనిషి లేడు. లోడింగ్ కుర్రాణ్ణి పంపుతానన్నాడు మేనేజరు. "పని తెలియనివాణ్ణి పంపి చంపుతారా? వద్దు. నేనే తీస్తాను. నాతో రెండో మనిషినివ్వండి" అన్నారు సారు. "ఒక్క పిడికి ఇద్దరా? ఇంకా నయం, మేళతాళాలు పెట్టమన్లేదు!" అని నవ్వాడు మేనేజరు. వాడి నోట మన్నుపడ!

సారు ఒక్కరే వెళ్లారు. ఆయిల్ అయిపోయి అమోనియా ఎగజిమ్మింది. ఆయన పిడి వదిలేశారు, వాల్వు టక్కున మూసుకుంది. తీగే కట్టి ఉంటే ఇది చెప్పడానికి నేనుండేదాన్ని కాదు. కానీ ఆయన ముసుగు అద్దం అంచున చీలి ఉంది. కొత్తది కావాలని అడిగి అడిగి నోరు నొప్పి పుట్టిందే గానీ రాలేదు. ఆ చీలికలోంచి కళ్లలోకి కొట్టింది. కళ్లు కడుక్కునే కుళాయి తలుపు బయటే ఉంది. అక్కడిదాకా చెయ్యి పట్టుకుని నడిపించడానికి మనిషే లేడు. ఘాటు తగిలి మేం పరుగెత్తేసరికి ఆయన గోడ తడుముకుంటూ నేల మీద పాకుతున్నారు, అదీ తలుపుకి ఎదురు దిక్కుగా. బకెట్లతో నీళ్లు పోశాం. ఏం లాభం? రెండు కళ్లూ పోయాయి.

విచారణ జరిపారు. ఒంటరిగా ఆయిల్ తీయకూడదని నియమం రాసిందీ ఆయనే, తప్పిందీ ఆయనే అని తేల్చారు. ఎంత న్యాయం! ఆయన్ని ఇంటికి పంపి, పని తెలిసినవాడు ఇంకొకడు లేక అల్లుణ్ణే మళ్లీ పిలిచారు.

మొన్న డ్యూటీకి పోతూ దారిలో చూడ్డానికి వెళ్లాను. ఆయనిప్పుడు కూతురింట్లోనే ఉంటున్నారు. తండ్రికి అన్నం కలిపి పెడుతోంది ఆ పిల్ల, మాట్లాడటం లేదు. ఏడ్చి ఏడ్చి గొంతు పోయిందట. అల్లుడు బూట్లు వేసుకుంటున్నాడు.

"తీగ కట్టడం లేదు కదా?" అన్నారు సారు.

"లేదు మామయ్యా, ఒట్టు." నిజమే. పిడి పట్టుకుని పట్టుకుని అతని అరచెయ్యి కాయలు కాసింది, నేను చూశాను.

"రెండో మనిషెవరు?"

అల్లుడు నా వంక చూశాడు. కూతురు చేతిలో ముద్ద ఆగిపోయింది. ఎవర్నీ ఇవ్వలేదని మా ముగ్గురికీ తెలుసు.

"నేనే సారూ. ప్యాకింగ్ నుంచి నన్ను వేశారు" అనేశాను.

ఆయన ముఖం విప్పారింది. "బంగారు తల్లివి. ఎక్కడ నిలబడుతున్నావమ్మా?"

ఇదేం ప్రశ్న? "ఎక్కడేమిటి సారూ, మీ అల్లుడుగారి పక్కనే. చెయ్యందేంత దగ్గర్లో."

ఆయన నోట్లో ముద్ద మింగలేదు.

"పక్కన నిలబడితే ఇద్దరూ పోతారమ్మా. తలుపు దగ్గర నిలబడాలి. మొదటి క్లాసులోనే చెప్పాను." తర్వాత గాల్లో చెయ్యి చాపి, తడిమి, అల్లుడి మణికట్టు పట్టుకున్నారు. "వద్దు నాయనా. వెళ్లొద్దు."

"వెళ్లకపోతే ఎలా మామయ్యా?"

అల్లుడు ఆ వేళ్లని ఒక్కొక్కటే విడదీసుకుని, టిఫిన్ డబ్బా తీసుకుని బయల్దేరాడు. నాదీ అదే షిఫ్టు. వెనకాలే నేనూ వెళ్లాను.