తలమీది వేళ్లు, తెరమీది అలలు

కవలల్లో అబ్బాయి తలకు జిగురుతో తీగలు అతికించడం పూర్తయ్యేసరికి వాడు కునికిపాట్లు పడుతున్నాడు. భుజాల దాకా పెరిగిన జుట్టు. పాయలు పాయలుగా విడదీస్తేగాని మాడు దొరకలేదు. వాడి అక్కకు ఈత పిచ్చి, జుట్టు పొట్టిగా కత్తిరించారు. ఆ పిల్ల పని చిటికెలో అయిపోయింది.

ఆసుపత్రికొచ్చే పిల్లలు ఆ తీగలు అతికించే ఆమెను జిగురత్త అంటారు. మెదడులో పుట్టే సన్నటి విద్యుత్తును అలలుగా గీసే యంత్రం దగ్గర ఆమె ఉద్యోగం. ఆరోగ్యంగా ఉన్న ఆడపిల్లల అలలకూ మగపిల్లల అలలకూ తేడా ఉందా అని పిల్లల డాక్టరమ్మ ఏడాదిగా పరిశోధిస్తోంది. తేడా కనబడింది కూడా: అమ్మాయిల అలలు నెమ్మది. అచ్చయ్యే వ్యాసంలో జిగురత్త పేరు కూడా వేస్తానని మాటిచ్చింది. ఆ సంగతి ఇంటిల్లిపాదికీ తెలుసు. "మా వదిన సైంటిస్టు అయిపోయింది, ఇక కూర మాడినా నోరెత్తకూడదు" అని ఆడపడుచు ఆటపట్టిస్తోంది.

మధ్యాహ్నం డాక్టరమ్మ పేర్లు దాచి, కవలల రికార్డులు రెండూ తెరమీద పెట్టింది.

"చెప్పక్కా, ఏది ఎవరిది?"

"నెమ్మదిది పాపది. అదీ అడగాలా?"

"బోల్తా పడ్డావు. అది పిల్లాడిది!"

జిగురత్త నవ్వబోయి ఆగిపోయింది. వాడు తన చేతుల్లోనే జోగడం గుర్తొచ్చింది. చెబితే అచ్చులో పేరు గల్లంతే. అయినా మనసు ఊరుకోలేదు.

"డాక్టరమ్మా, పొడుగు జుట్టయితే నేను చాలాసేపు పాయలు తీస్తాను. తలలో వేళ్లు ఆడుతుంటే ఎవరికైనా నిద్రొస్తుంది, నిద్రొస్తే అలలు నెమ్మదిస్తాయి. ఇన్నాళ్లూ మనం చూసింది ఆడపిల్లల మెదడునా, నిద్రమత్తునా?"

డాక్టరమ్మ కుర్చీలో వెనక్కి వాలింది.

"నాకూ తట్టలేదు చూడు! ముందు మనిద్దరి తలలకీ తీగలు పెట్టాలి."

"అయితే తేడా లేనట్టేనా?"

"ఏమో. ఉండొచ్చు కూడా. మళ్లీ మొదలుపెడదాం."

"మరి వ్యాసం?"

"ఆపేస్తున్నా అక్కా."

ఆ సాయంత్రం ఆడపడుచుకు ఏం చెప్పాలో ఆమెకు పాలుపోలేదు. కానీ ఆ తేడా ఉందో లేదో తేలాలన్న కుతూహలం మాత్రం ఇంటిదాకా వెంటబడింది.

సోమవారం నుంచి కొత్త పద్ధతి. జుట్టు ఎలా ఉన్నా, ప్రతి తలమీదా ఒకేంత సేపు వేళ్లు ఆడాలి. మొదట వచ్చినవాడిది నున్నటి గుండు. ఆమె లేని పాయలు తీయడం మొదలుపెట్టింది.

"అత్తా, ఏం వెతుకుతున్నావు?"

"కదలకురా."

కాసేపటికి వాడు నోరంతా తెరిచి ఆవులించాడు.