బతికుండగానే పెద్దమ్మకు మౌనం

మా పెద్దమ్మ ఈ ఊళ్లో సినిమా హాలు ప్రొజెక్టర్ నడిపిన మొదటి ఆడమనిషి. హాలు మూతపడ్డాక సంతోష్‌నగర్‌లో మాతోనే ఉంటోంది. పాతబస్తీలో ఒక చిన్న మ్యూజియం వాళ్లు తొలితరం మహిళల మీద ప్రదర్శన పెడుతున్నారని, అందులో తన మెషీను కూడా ఉందని తెలిసి, పిలుపు లేకపోయినా నన్ను వెంటేసుకుని బయల్దేరింది. ఆమెకు ఒకటే కోరిక. ఇంకొక్కసారి దాన్ని నడపాలి.

లోపలికి అడుగుపెట్టగానే నాకు ఒళ్లు మండిపోయింది. పెద్దమ్మ ఫొటోకి కుంకుమ బొట్టు, ఇంత లావు చామంతి దండ, ముందు అగరొత్తులు. ఫొటో ఆ హాలు వాళ్లిచ్చారట. మనిషి ఉందా పోయిందా అని అడగాలన్న ఇంగితం ఒక్కరికీ లేదు. పాత ఫొటో దొరికితే చాలు, దండ వేసెయ్యడమే.

"ఆమె నేనే అయ్యా. జర ఆ దండ తీయి," అంది పెద్దమ్మ నిర్వాహకుడితో.

ఆయన ఫొటోనీ ఆమెనీ మార్చి మార్చి చూశాడు. పాపం, చెమటలు పట్టాయి. "మస్తు సంతోషం అమ్మా. కానీ కార్డుల మీద స్వర్గీయ అని అచ్చయింది. ముఖ్య అతిథిగారి ప్రసంగం గూడ గట్లనే ఉన్నది. ఈ ఒక్కపూట జర అడ్జస్ట్ చేస్కోన్రి."

"ఒక్కపూట సచ్చిపొమ్మంటవా?"

"కుటుంబసభ్యుల వరుసల కూసోన్రి, చాలు."

"సరే. మరి మెషీను నేనే నడుపుత."

"స్విచ్చి ముఖ్య అతిథి వేస్తరమ్మా. గట్లనే ప్రోగ్రాంల ఉన్నది."

నేను లొల్లి పెట్టబోతే పెద్దమ్మ చెయ్యి పట్టి కూర్చోబెట్టింది. ముఖ్య అతిథి ఆమె ధైర్యాన్ని పొగిడి, ఆమె లేని లోటు తీరనిదన్నాడు. పక్క కుర్చీలో ఆవిడ నా భుజం తట్టి, ఎలా పోయిందని అడిగింది. "ఆమె బాగానే ఉందండీ," అన్నాను. ఆవిడ నన్ను ఇంకా జాలిగా చూసింది.

తర్వాత రెండు నిమిషాలు మౌనం పాటించమన్నారు. అందరం లేచాం. పెద్దమ్మా లేచింది. కొంగు బిగించి, వరుస దాటి, అడ్డంగా కట్టిన తాడు ఎత్తి మెషీను దగ్గరికి నడిచింది. నిర్వాహకుడు నోరు తెరిచి, మళ్లీ మూసుకున్నాడు. పోయినవాళ్ల కోసం మౌనం పాటిస్తూ అరిచేదెలా? ముఖ్య అతిథి కళ్లెర్రజేశాడు గానీ వంచిన తల ఎత్తలేదు.

స్విచ్చి పడింది. టకటకమంటూ రీలు తిరిగింది. గోడ మీద బొమ్మ మసగ్గా వచ్చింది. పెద్దమ్మ లెన్సును మెల్లగా తిప్పింది, బొమ్మ తేటపడింది. నాకు ఏడుపొచ్చేసింది. మౌనం ముగిసిందని చెప్పాల్సిన నిర్వాహకుడు కూడా గోడకేసే చూస్తూ ఉండిపోయాడు.

చివరికి పెద్దమ్మే, మెషీను మీంచి చెయ్యి తియ్యకుండా, మా అందరికేసి తిరిగింది.

"ఇగ కూసోన్రి. పిక్చర్ షురువైంది."