లింబాద్రి ఆదివారం బడి

తాను పనిచేసిన చక్కెర ఫ్యాక్టరీ మూతపడ్డప్పుడు ఎవరిని అడిగినా "పైకి రాసినం" అన్న జవాబే దొరికింది లింబాద్రికి. పెద్దలను నిలదీయడం జనానికి నేర్పాలని ఆ మంటతోనే బోధన్‌లో రాజకీయ విద్యా ఫౌండేషన్ పెట్టాడు. పదేళ్లుగా ప్రతి ఆదివారం తానే గది ఊడ్చి, జంపఖానా పరిచి, గొంతు బొంగురుపోయేదాకా పాఠం చెబుతాడు. బీడీలు చుట్టే ఆడవాళ్లు ఒళ్లో చేటలతో వచ్చి కూర్చుంటారు, తలలూపుతారు, నోరు మాత్రం విప్పరు. ఈ వారం అతనికి ఓపిక నశించింది. "ఒక్కటన్న అడుగుండ్రమ్మా!" అని బల్ల గుద్దాడు. వెనక వరసలోని గంగమణి లేచి, చేట కిందినుంచి ఆధార్ జిరాక్స్ తీసి అతని ముందు పెట్టింది.

"ఏ మీటింగుకు పోయినా గిది ఇస్తనే ఉన్న లింబాద్రన్నా. నా పింఛను ఎప్పుడొస్తది?"

మిగతావాళ్లూ చేటల కింద వెతుక్కోసాగారు. లింబాద్రి చేతిలో చాక్‌పీసు పటుక్కున విరిగింది.

"పైకి రాస్తనమ్మా."