లిఫ్టాయన ఫైలు

రికార్డక్క మెట్లెక్కుతున్న చప్పుడు విని ఆఫీసులో వాళ్ళు గడియారాలు సరిచేసుకునేవాళ్ళు. పదింటికి అయిదు నిమిషాల ముందు కింది మెట్టు మీద ఆమె చెప్పు పడేది. సరిగ్గా పదికి నాలుగో అంతస్తులో రికార్డు గది తాళం తెరుచుకునేది. మధ్యలో రెండో అంతస్తు మలుపు దగ్గర ఒక్క క్షణం ఆగి మోకాలు రుద్దుకునేది. పక్కనే లక్షణంగా లిఫ్టు పెట్టుకుని ఈ పాట్లెందుకక్కా అని ఎవరైనా అడిగారో, "వ్యాయామం నాయనా, వ్యాయామం! మీలాగా కూర్చుని కూర్చుని పీపాలైపోమంటారా?" అని నోరు మూయించేది. అసలు కారణం వేరే ఉంది. అది మొగుడికి కూడా చెప్పలేదు.

వృత్తిపనుల వాళ్ళకి లైసెన్సులిచ్చే ఆఫీసు అది. పళ్ళ డాక్టరు మొదలుకుని బోర్లు వేసేవాడి దాకా ఎవరు ఏ పరీక్ష ప్యాసయ్యారు, ఎక్కడెక్కడ పనిచేశారు, ఎవరి మీద ఏ చర్య పడింది, మొత్తం జాతకాలన్నీ ఆ గదిలోనే ఉండేవి. ఒక అర్జీ రాసిస్తే ఎవరి చరిత్రయినా ఎవరైనా చూసుకోవచ్చు. చిక్కల్లా పేర్లతోనే. కన్నవాళ్ళు పేరు పెట్టేటప్పుడు రికార్డు గది గురించి ఆలోచిస్తారా ఏమన్నానా! అందులోనూ ఒక్క పేరుంది. అదిక్కడ రాస్తే చదివేవాళ్ళలో పదిమంది "మా సంగతి నీకెందుకు" అని కొట్లాటకొస్తారు కనక రాయను. ఆ పేరుతో, అదే ఇంటిపేరుతో, పదిహేనుమంది ఉన్నారు.

వాళ్ళని విడదీయడానికి రికార్డక్క దగ్గర అట్ట ఊడిన నోటుబుక్కు ఒకటుంది. అందులో పళ్ళాయన, బోర్లాయన, కళ్ళజోళ్ళాయన, పొడుగు మందులాయన, పొట్టి మందులాయన, ఇలా ఒక్కొక్కరికీ తను పెట్టిన ముద్దుపేరు, పక్కన లైసెన్సు నెంబరు. ఒకసారి ఒక పెద్దమనిషి దవడ పట్టుకుని పరిగెత్తుకొచ్చాడు. "నా పన్ను పీకినవాడి రికార్డు చూస్తే బోర్లు వేసే లైసెన్సని వచ్చిందండీ!" అని గగ్గోలు. రికార్డక్క నోటుబుక్కు తిప్పి, "కంగారు పడకండి. మీ పన్ను పీకింది ఈయన, నేలకి చిల్లు పెట్టేది ఆయన" అని మంచినీళ్ళిచ్చి పంపింది. ఆ కథ ఆమె కనీసం వందసార్లు చెప్పుంటుంది. ముప్ఫయ్యొక్క ఏళ్ళ సర్వీసులో నా గదిలో ఒక్క కాగితం తప్పు చోటికి పోలేదని ఆమెకి మహా గర్వం. తాను పట్టిన కుందేలుకి మూడే కాళ్ళు అనే రకం. ఇంకో నాలుగు నెలల్లో రిటైరవుతుంది, ఆ మచ్చలేని పేరుతోనే వెళ్ళిపోవాలని ఆశ.

ఒక బుధవారం మధ్యాహ్నం, యాభై దాటిన మనిషొకడు గుమ్మంలో చెప్పులు విడిచి లోపలికొచ్చాడు. జేబులో టెస్టరు, గోళ్ళ చుట్టూ ఎన్నిసార్లు కడిగినా పోని గ్రీజు నలుపు. పేరు చెప్పాడు. రికార్డక్క నవ్వింది.

"ఆ పేరుకి నా దగ్గర పదిహేనుమంది ఉన్నారు. మీరెవరు?"

"లిఫ్టు మెకానిక్కునమ్మా."

అమ్మా అన్న ఆ మాట చెవిన పడగానే ఆమె నవ్వు సగంలో ఆగింది. అతను అది గమనించే స్థితిలో లేడు. చెప్పుకుపోయాడు. కొత్తగా కట్టిన పిల్లల ఆస్పత్రిలో ఆరు లిఫ్టులు చూసుకునే పనికి అతన్నే ఎంచుకున్నారు. తీరా రికార్డు తెప్పించి చూస్తే, పంతొమ్మిదేళ్ళ కిందట తలుపు తాళం సరిగ్గా బిగించనందుకు మూడు నెలలు లైసెన్సు ఆపేశారని ఉంది. అది తప్పని శుక్రవారం సాయంత్రంలోగా ఆఫీసు ముద్రతో కాగితం తెస్తే సరే, లేకపోతే ఇంకొకరిని చూసుకుంటామన్నారు.

"ఈ పని కాకపోతే ఇంకోటి దొరుకుతుందని మా ఆవిడ అంటోందమ్మా. పని సంగతి కాదు. ఆ మాట నా పేరు పక్కనుంటే, నేను చూసే లిఫ్టులో ఎవరమ్మా పిల్లల్ని ఎక్కిస్తారు? నేనే అయితే ఎక్కించను."

"నిప్పు లేందే పొగ రాదు కదండీ. మీరు మర్చిపోయుంటారు," అంది రికార్డక్క.

"మూడు నెలలు ఇంట్లో కూర్చున్నవాణ్ణి మర్చిపోతానా? నేను మర్చిపోయినా మా ఆవిడ మర్చిపోతుందా? నన్నూ నా పానాల పెట్టెనీ కలిపి వీధిలో పెట్టేది!"

ఆ మాటకి ఇద్దరికీ నవ్వొచ్చింది గానీ, నవ్వుతూనే అతని కళ్ళలో నీళ్ళు తిరిగాయి. రికార్డక్క ఫైలు తీసింది. లైసెన్సు ఆపేసిన నోటీసు అక్కడే ఉంది. పేరు, వృత్తి, తప్పు, అన్నీ టైపు కొట్టి ఉన్నాయి. లైసెన్సు నెంబరు మాత్రం చేత్తో రాసి ఉంది. ఆ చేతిరాత ఆమెదే.

"రేపు కాదు, ఎల్లుండి రండి," అంది.

అతను వెళ్ళాక పంతొమ్మిదేళ్ళ కిందటి సంగతి మొత్తం గుర్తొచ్చింది. ఒకరోజు కరెంటు పోయి, రెండో అంతస్తుకీ మూడో అంతస్తుకీ మధ్య లిఫ్టులో ఒంటరిగా ఇరుక్కుపోయింది. చీకటి, ఉక్కపోత. అప్పుడు తలుపు అవతల్నుంచి ఒక గొంతు వినిపించింది. "అమ్మా, గోడకి ఆనుకుని నిలబడండి, నేనున్నాను." నలభై నిమిషాలు ఆ గొంతు ఏదో ఒకటి మాట్లాడుతూనే ఉంది. పేరేమిటి నాయనా అని అడిగితే చెప్పాడు. అంత భయంలోనూ ఆమెకి నవ్వొచ్చింది. "అయితే నువ్వు పదిహేనోవాడివి!" అంది. బయటపడ్డ కంగారులో అతని మొహం సరిగ్గా చూడనే లేదు. మర్నాడు మాత్రం లిఫ్టు తలుపు మీద రాసున్న అతని నెంబరు చూసి, నోటుబుక్కులో అందరికంటే అందంగా రాసుకుంది, లిఫ్టాయన అని.

మరో పది రోజులకి ఆ నోటీసు వచ్చింది. ఆ రోజుల్లో నోటీసుల మీద నెంబరు గడి ఖాళీగా ఉండేది. కార్డుల సొరుగు వెతికి నెంబరు వెయ్యడం రికార్డు గది పని. ఆ పేరూ లిఫ్టు మెకానిక్కూ అని చూడగానే ఆమె సొరుగు జోలికే పోలేదు. ఇంకెవరు, మన లిఫ్టాయనే! నోటుబుక్కులోంచి నెంబరు ఎక్కించేసింది. అయ్యో, అంత మంచివాడికి ఇదేం బుద్ధి అని బాధపడింది కూడా. లైసెన్సు ఆగినవాడు మన ఆఫీసు లిఫ్టే చూస్తున్నాడని పైవాళ్ళకి చెబితే పాపం ఉన్న పనీ పోతుందని, చేసిన మేలు తలుచుకుని నోరు కట్టేసుకుంది. కానీ నోరు కట్టేసుకున్నంత మాత్రాన భయం పోతుందా? ఆ రోజు నుంచే మెట్లు పట్టింది. ఏడాది తిరక్కుండానే ఆఫీసు లిఫ్టు వేరే కంపెనీ చేతిలోకి పోయింది, మెట్లు మాత్రం ఆమెని వదల్లేదు.

ఆ సాయంత్రం ఇంటికెళ్ళేసరికి మొగుడు ముందుగదిలో మిషను మీద చొక్కా కుడుతున్నాడు. దర్జీ పని ఆయనది. ఆమె బల్ల చివర కూర్చుని మొత్తం చెప్పింది, మెట్ల సంగతితో సహా. ఆయన మిషను ఆపి నోరు తెరిచాడు.

"అంటే వ్యాయామం కాదా? మా అక్కయ్యని చూడ్డానికెళితే ఆస్పత్రిలో నాచేత ఏడంతస్తులు ఎక్కించావు కదే! అక్కయ్య మంచం మీద నన్ను పడుకోబెట్టాల్సొచ్చింది!"

"నవ్వకండి. నా ప్రాణం పోతోంది ఇక్కడ."

"నవ్వనులే," అని ఇంకాస్త నవ్వాడు. కళ్ళు తుడుచుకుని కొలతల చీటీల పుస్తకం ఆమె ముందుకి తోశాడు. ప్రతి చీటీకీ ఒక చిన్న గుడ్డముక్క గుండుసూదితో గుచ్చి ఉంది. "చూడు. ఒకే పేరు, ఒకే కొలత, ఇద్దరివీ చొక్కాలే. పేరు చూసి ఇచ్చుంటే నేనెప్పుడో తన్నులు తిని ఉందును. అందుకే ఎవరి బట్టలోంచి వాళ్ళ ముక్క కత్తిరించి పెట్టుకుంటా. ఆయన తాలూకు ముక్క ఏదో ఒకటి ఎక్కడో ఉండే ఉంటుంది. వెతుకు. ఉంటే బతికిపోయాడు, లేకపోతే నీ కాగితమే నిజం."

గురువారం పొద్దున్నే ముందు కార్డుల సొరుగు లాగింది. పంతొమ్మిదేళ్ళ కిందట లాగాల్సిన సొరుగు. పదిహేను కార్డుల వెనకాల పదహారోది ఉంది. అదే పేరు, అదే లిఫ్టు పని, నెంబరు వేరు. ఆ నోటీసుకి ముందే, ఆమె సెలవులో ఉన్నప్పుడు ఇంకెవరో నమోదు చేసింది. ఎనిమిదేళ్ళ కిందట పని మానేసి లైసెన్సు తిరిగిచ్చేశాడని దాని మీదే రాసి ఉంది. రికార్డక్క నెత్తి కొట్టుకుంది. అయినా ఇద్దరిలో తప్పు చేసిందెవరో కార్డు చెప్పదు కదా!

అప్పుడు తట్టింది. లిఫ్టు చూడ్డానికి వచ్చినవాడు ప్రతిసారీ సంతకం పెట్టే పుస్తకం ఒకటుండాలి. వాచ్‌మన్‌ని వెంటేసుకుని డాబా మీది మోటారు గదికి వెళ్ళింది. పావురాల రెట్టలు, పాత ఫ్యాన్లు, విరిగిన కుర్చీలు, వాటి కింద తాడు కట్టిన పుస్తకాల కట్ట. కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకుని ఒక్కో పేజీ తిప్పింది. నోటీసులో చెప్పిన మూడు నెలల్లోనూ పదిహేను రోజులకోసారి అతని సంతకం ఉంది, కింద లైసెన్సు నెంబరుతో సహా. ప్రతి సంతకం పక్కనా పై ఆఫీసు ఇంజినీరు అసలు లైసెన్సు తెప్పించి నెంబరు సరిచూసి పెట్టిన పొట్టి సంతకం. లైసెన్సు ఆపితే దాన్ని ఆఫీసు లాగేసుకుంటుంది, ఇక చూపించడానికి ఏముంటుంది? ఆ మూడు నెలలకి పది రోజుల ముందు పేజీలో గుండ్రటి అక్షరాలతో ఇలా ఉంది. "కరెంటు పోయింది. రెండు, మూడు అంతస్తుల మధ్య ఒకరు. బాగా భయపడ్డారు. మాట్లాడుతూ ఉన్నాను. క్షేమంగా దించాను."

రికార్డక్క ఆ దుమ్ములోనే చతికిలబడి ఏడ్చింది. ఆనాడు ఒక్క మాట పైవాళ్ళకి చెప్పుంటే, ఇంజినీరు ఈ పుస్తకం చూసి సాయంత్రానికల్లా తేల్చేసేవాడు. జాలిపడి దాచింది. వాచ్‌మన్ ఏం చెయ్యాలో తెలియక పావురాల్ని తోలుతూ నిలబడ్డాడు.

శుక్రవారం ఆఫీసరమ్మ కాగితాలన్నీ చూసి తల ఊపింది. చిన్నపిల్ల, రికార్డక్కంటే ప్రాణం.

"సవరణ రాసేద్దాం. కానీ తప్పు ఎవరిదో రాయాలక్కా. మీదని రాస్తే సర్వీసు పుస్తకంలో ఎక్కుతుంది, నాలుగు నెలలకి ఎందుకొచ్చిన గొడవ? అప్పట్లో గదికి పెద్దాయన ఇంకొకరుండేవారుగా, మీకు పని నేర్పినాయన. పోయి పదేళ్ళయింది. ఆయన పేరు రాసేస్తే ఎవరడుగుతారు?"

రికార్డక్కకి ఆశ పుట్టలేదని చెబితే అబద్ధం. పుట్టింది. ముప్ఫయ్యొక్క ఏళ్ళ పేరు మరి.

"పోయినాయన పేరు పాడుచేసి ఉన్నాయన పేరు బాగుచెయ్యమంటావా తల్లీ? ఆ పని కూడా నా చేత్తోనే? కలం ఇటివ్వు."

పూర్తి పేరు, హోదా రాసి, "కార్డులు సరిచూడకుండా నేనే తప్పు నెంబరు వేశాను" అని సంతకం పెట్టింది. నోటీసు తీసి పదహారో ఆయన ఫైల్లో కుట్టేసింది.

మూడున్నరకి లిఫ్టాయన వచ్చాడు. కాగితం రెండుసార్లు చదివాడు. చివరి వరుస దగ్గర వేలు ఆగింది.

"ఇది మీ పేరా అమ్మా?"

"నాదే. తప్పు నాది, మీరు పడ్డారు. ఇంకోటి కూడా ఉంది. ఆ రోజు లిఫ్టులో ఇరుక్కుంది నేనే. మీరు నన్ను దించారు. నేను మీ మీద కాగితం నమ్మి, ఆనాటి నుంచీ మెట్లెక్కుతున్నాను."

కోప్పడతాడనుకుంది. కోప్పడినా పడదామనుకుంది.

"పంతొమ్మిదేళ్ళా?" అన్నాడతను. "నాలుగంతస్తులా? అమ్మా, శిక్ష పడింది నాకు కాదు, మీకే!"

ఆఫీసు ముద్ర కింది అంతస్తులో ఉంటుంది. నాలుగింటికి ఆ కిటికీ మూసేస్తారు. రికార్డక్క కాగితం పట్టుకుని అలవాటుగా మెట్ల వైపు తిరిగింది. మోకాలు కలుక్కుమంది. అతను లిఫ్టు బొత్తాం నొక్కి తలుపు పట్టుకుని నిలబడ్డాడు, రమ్మని మాత్రం అనలేదు. ఆమె కళ్ళు మూసుకుని లోపలికి అడుగేసింది. మూడో అంతస్తు దాటాక పక్కనున్న కడ్డీ గట్టిగా పట్టుకుంది.

"గోడకి ఆనుకోండమ్మా, నేనున్నాను," అన్నాడు లిఫ్టాయన.

కింద తలుపు తెరుచుకునేసరికి ముద్ర వేసే గుమాస్తా నోరు వెళ్ళబెట్టాడు. "ఇదేమిటక్కా, వ్యాయామం అయిపోయిందా?"

"అయిపోయింది నాయనా. ముందు ముద్ర వెయ్యి, ఈయనకి ఆలస్యమవుతోంది."

నాలుగింటికి పది నిమిషాలుందనగా ముద్ర పడింది. అతను కాగితం చొక్కా లోపల పెట్టుకుని, దండం పెట్టి, ఆస్పత్రి వైపు దాదాపు పరిగెత్తాడు. రికార్డక్క అతను మలుపు తిరిగేదాకా గుమ్మంలో నిలబడి, వెనక్కొచ్చి మెట్ల వంక ఒకసారి చూసింది. తర్వాత లిఫ్టులోకెళ్ళి నాలుగో అంకె నొక్కింది. ఈసారి పక్కన ఎవరూ లేరు.