నాగక్క అడిగిన గడ్డి

దమ్మపేట దాటాక అడవి దారిలో నాగక్క నడిపే పశువుల షెడ్డు ఉంది. ముసలి ఎద్దుల్ని అక్కడ వదలడానికి వచ్చేవాళ్లు ముందుగా వాటికి స్నానం చేయిస్తారు. కొమ్ములకు పసుపు రాసి, నుదుట బొట్టు పెట్టి, కాళ్లకు మొక్కుతారు. కళ్లు కూడా తుడుచుకుంటారు. పలుపు నాగక్క చేతిలో పెట్టాక మాత్రం వెనక్కి చూడరు. "మొక్కినంత సేపట్ల ఒక మోపు గడ్డి కొయ్యొచ్చు" అని ఆమె వాళ్లకు వినబడేటట్టే అంటుంది.

అడవి పల్లెలో పుట్టిన నాగక్క చిన్నప్పటినుంచీ ఊరి రైతుల మందలు మేపింది. పొలాలు చాలావరకు పామాయిల్ తోటలయ్యాయి, దుక్కికి ట్రాక్టర్లు వచ్చాయి, మందలు పోయాయి. ముసలి ఎద్దులు మిగిలాయి. ఊరివాళ్లు రేకుల షెడ్డు వేసి ఆమెకు అప్పగించి, అక్కడితో తమ పని అయిపోయిందనుకున్నారు. పుట్టినరోజులకు వచ్చి అరటిపండ్లు తినిపిస్తారు, ఫొటోలు దిగుతారు. పేడ ఎత్తమంటే చెప్పులు చూసుకుంటారు.

ఈసారి వానాకాలం కోతలు మొదలయ్యేసరికి షెడ్డులో గడ్డి అడుగంటింది. పక్కనే చెంచురామయ్య మడిలో వరికోత మిషను కోసి వదిలేసిన గడ్డి పరుచుకుని ఉంది. నిరుడు తన జోడెడ్లను షెడ్డులో వదిలి వెళ్లిన రైతే ఆయన. మర్నాడు ఆ గడ్డిని తగలబెడతాడని తెలిసి నాగక్క ఆయన ఇంటికి వెళ్లింది.

"పెద్దయ్యా, గడ్డి కాలవెట్టకు. ఎండకాలం దాకా మాకు అదే దిక్కు."

"తీసుకుపో, నేనేమన్నా వద్దన్నానా? రేపే దున్నించాలి. అదంతా ఎవరు ఎత్తుతారు?"

"రెండు రోజులు ఆగరాదూ?"

"కుదరదు నాగక్కా. మొన్న మనవరాలి పుట్టినరోజుకి పళ్లు తెచ్చాం కదా!"

"అవ్, తెచ్చిండ్రు. తెల్లారేసరికి పేడైనయ్. ఎండకాలం దాకా వాటినే నెమరెయ్యాల్నా నీ ఎడ్లు?"

పొద్దున్నే ఆమె పశువులన్నిటినీ ఆ మడిలోకి తోలింది. చెంచురామయ్య అగ్గిపెట్టెతో వచ్చేసరికి ఆయన ఎడ్లలో ఒకటి గడ్డిమీదే పడుకుని ఉంది.

"ఏంటే ఈ ఆగడం? తోలు బయటికి!"

"నేను తోల. బొట్టు పెట్టి మొక్కినవ్ గదా, గిప్పుడు అగ్గి గూడ పెట్టు."

దుక్కికని వచ్చిన కిరాయి ట్రాక్టర్ డ్రైవర్ తిరుపతి గట్టుమీద నవ్వాపుకోలేకపోయాడు. "అయ్యా, జర ట్రాలీ తగిలించుకొస్తనే!"

చెంచురామయ్య ఎద్దును అదిలించబోయి చెయ్యి దించేశాడు. "మధ్యాహ్నం దాకా ఆగుతా. ఆ తర్వాత నన్నడగొద్దు."

నాగక్క ఊళ్లోకి పోయి టీకొట్టు ముందు నిలబడి అరిచింది. "మా ఎడ్లతోటి ఫొటోలు దిగినోళ్లు లేవుండ్రి! చాయ్ మల్ల తాగొచ్చు. జల్దీ!"

కొందరు ఫోన్లలోకి తల దించారు. సిగ్గుపడో, ఆమె నోటికి భయపడో కొందరు కదిలారు. మధ్యాహ్నం దాకా మోపులు కట్టి ట్రాలీకి ఎత్తారు. సగం మడే అయింది. పశువుల్ని బయటికి తోలించి, చెంచురామయ్య అన్నంత పనీ చేశాడు. ఆ మంట ఆరేదాకా నాగక్క గట్టు దిగలేదు.

షెడ్డు పక్కన గడ్డివామి వేశాక ఒకాయన చేతులు దులుపుకున్నాడు. "ఇగ సంతోషమేనా అక్కా?"

"ఏం సంతోషం? ఉగాది దాకన్న రాదిది. అవతలి గట్టు జయప్రకాశ్ మడిల ఎల్లుండి మిషను దిగుతది. ఆయన అగ్గి పెట్టకముందే అందరు రావాలె. రానోళ్లు ఇప్పుడే చెప్పుండ్రి, ఇండ్లకొచ్చి తీస్కపోత."

తిరుపతి ఎల్లుండికని ట్రాలీని షెడ్డు ముందే విప్పి వదిలేసి, ఉత్త ట్రాక్టర్‌తో దుక్కికి పోయాడు.